మునిస్వామి గుండెకు రాని జబ్బు

మునిస్వామిది మదనపల్లె పక్కన ఓ పల్లె. పదిహేనేళ్లుగా హైదరాబాదు ఖాజాగూడలో ఒక బిల్డరు దగ్గర ఫ్లాట్లు అమ్మిపెడుతున్నాడు. ఎంత కారమైనా నీళ్లు తాగకుండా తినగలనని ఆయనకు మహా గర్వం. మధ్యాహ్నం ఆఫీసులో పచ్చిమిరపకాయలు కరకర నములుతూ, మిగతావాళ్ల క్యారియర్ల వైపు జాలిగా చూసేవాడు.

మొన్న శ్రావణంలో ఓ శనివారం, ఎర్రకారం దట్టంగా పూసిన దోసెలు నాలుగు తిని, ముప్పై ఒకటో అంతస్తులో మోడల్ ఫ్లాటు చూపిస్తున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు రోహిత్, సంయుక్త దంపతులు. ఇద్దరూ సాఫ్ట్‌వేరు.

"ఇక్కణ్ణుంచి చెరువు కనిపిస్తుందాండీ?" అని సంయుక్త అడిగింది.

బాల్కనీ తలుపు అడుగున గడియ తీద్దామని మునిస్వామి వంగాడు. అంతే, రొమ్ము మధ్యలో నిప్పు రాజేసినట్టయింది. ఒళ్లంతా చెమటలు. సోఫాలో కూలబడ్డాడు. రోహిత్ అంబులెన్సు పిలిచాడు. స్ట్రెచరు మీద కిందికి దిగుతూ కూడా మునిస్వామి, "ఈ లిఫ్టులో పదముగ్గురు పడతారు సార్" అన్నాడు.

ఆస్పత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేశారు. సాయంత్రం డాక్టరు ఉదయశ్రీ వచ్చింది.

"మీ గుండె నిక్షేపంలా ఉందండీ. పొట్టలో ఆమ్లం పైకి తన్నుకొచ్చి అన్నవాహికకు తగిలింది."

"ఆడ తగిల్తే గుండె యాల మండుతాదమ్మా?"

"అన్నవాహిక గోడలో సన్నటి నరాల కొసలుంటాయి. ఆమ్లం తగలగానే అవి మెదడుకి కబురు పంపుతాయి. గుండె నుంచి వచ్చే నరాలూ ఇవీ వెన్నుపాములో ఇంచుమించు ఒకేచోట చేరతాయి. మంట అని మెదడుకి తెలుస్తుంది, ఎక్కడన్నది సరిగ్గా తెలీదు."

"అంటే రెండు టవర్లకీ ఒకటే ఇంటర్‌కామ్."

"అంతేననుకోండి. పైగా ఆ నరాల కొసలకి వేడైనా, ఆమ్లమైనా, మిరపకాయైనా ఒకటే, మంటే. కొన్నాళ్లు కారం మానండి."

మునిస్వామి మొహం మాడిపోయింది. డాక్టరు వెళ్లగానే భార్య అనసూయమ్మను దగ్గరికి పిలిచాడు.

"ఎవురికీ చెప్పాకు. గుండె అనే చెప్పు."

"గుండెకేం లేదన్నందుకు దేవుడికి టెంకాయ కొట్టాల్సింది పోయి, ఇదేం మాటయ్యా?"

"గ్యాసంటే నా మర్యాదేం గావాల?"

సోమవారం ఆఫీసులో మర్యాదకు లోటు రాలేదు. యాపిల్ పండ్లు వచ్చాయి. తోటి ఏజెంటు నరేందర్ చేతులు పట్టుకుని, "జర పైలం అన్నా. ఏం ఫికర్ చెయ్యకు, నీ పని నేను చూస్కుంట" అన్నాడు. అన్నట్టే చూసుకున్నాడు. గుండె మనిషి అంత ఎత్తుకు పోకూడదని, అందరూ పెద్దన్న అని పిలిచే బిల్డరు మునిస్వామిని కింద రిసెప్షన్‌లో, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

పదో రోజున రోహిత్ దంపతులు మళ్లీ వచ్చారు. పేర్లు రాయించుకున్నది మునిస్వామి, పైకి తీసుకెళ్లింది నరేందర్. గంట తర్వాత ముగ్గురూ నవ్వుతూ దిగి, చేతులు కలుపుకున్నారు. ఆ రాత్రి మునిస్వామికి పెరుగన్నం కూడా సయించలేదు.

మర్నాడు మీటింగులో ఆస్పత్రి రిపోర్టు తీసి పెద్దన్న ముందు పెట్టాడు. ఆయన అందరికీ వినపడేలా చదివాడు: గుండెలో లోపమేమీ లేదు, ఆమ్లం వల్ల వచ్చిన మంట.

నరేందర్ కిసుక్కుమన్నాడు. పెద్దన్న మాత్రం నవ్వలేదు. జేబులోంచి మాత్రల అట్ట తీసి, "నాకు ఎనిమిదేండ్లుగా ఉంది. ఇది పరగడుపున వేసుకో" అన్నాడు. అకౌంట్స్ కనకలక్ష్మి, "నాకు రెండు పూటలా కావాలండీ" అంటూ బ్యాగు తెరిచింది. నరేందర్ కూడా తన సొరుగులోంచి గులాబీరంగు సిరప్ సీసా తెచ్చి చూపించాడు. అమ్మకాల సంగతి పక్కనపెట్టి అరగంట సేపు ఏ మందు ఎంతసేపు పనిచేస్తుందో చెప్పుకున్నారు. పెద్దన్నకు ఎండోస్కోపీ రెండుసార్లు అయిందట. తన జబ్బు ఇక్కడ ఓ లెక్కలోది కాదని మునిస్వామికి అర్థమైంది. సిగ్గు పోయింది గానీ, ఎందుకో కాస్త నిరుత్సాహంగా కూడా అనిపించింది.

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, "పదకొండుకు ఎవురన్నా వస్తా ఉండారా?" అంటూ మోడల్ ఫ్లాటు తాళాల కోసం లేచాడు.