ట్రంకుపెట్టెలో మా అన్న గొంతు

మా అన్న పోయాడని, ఆయన కొడుకు ఉండే వెంగల్ నుంచి బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. అప్పుడు నేను తిరుత్తణిలో మా ఇంటి వాకిట్లో కూర్చుని స్వామికి పూలు కడుతున్నాను. కట్టిన మాల అక్కడే పెట్టి బయలుదేరాను. తిరువళ్లూరులో బస్సు మారేటప్పుడు టీ అంగడిలో రేడియో మోగుతోంది. నిలబడి విన్నాను. వార్తలు చెప్పారు, వానల సంగతి చెప్పారు, పాటలు వేశారు. అన్నేళ్లు పాటలు వేసిన మనిషి పోయాడని ఒక్క ముక్క చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అరగంట తెలుగు సినిమా పాటలు వేసేది ఆయనే. మీలో కొందరికైనా ఆ గొంతు గుర్తుండాలి. మేమిద్దరం ఆర్.కె.పేటలో మగ్గాల వీధిలో పుట్టినవాళ్లం. ఆయన పట్నంలో రేడియో స్టేషన్‌లో చేరాక, ఆ అరగంట మా వీధిలో మగ్గాలు ఆగిపోయేవి. పాట అడుగుతూ కార్డు రాసినవాళ్ల పేర్లు ఆయన ఒక్కొక్కటే చదివేవాడు. ఒకసారి మా పక్కింటి మామ పేరు వచ్చింది. వీధంతా ఆయన్ని పట్టుకుంది.

"ఏం మామా, నీ పేరు పట్నంలో చదివినారు. ఇంక లుంగీ కట్టుకొని బయటికి రావద్దు, మాకు నామర్దా!"

"పోండ్రా! మీరూ రాయండి కార్డు. రాయను చేతగాకపోతే నన్ను అడగండి" అని ఆ మామ పొంగిపోయాడు.

ఒకసారి అన్న నన్ను స్టేషన్‌కు తీసుకెళ్లి, తను పని చేసే గది చూపించాడు. రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే తగిలేట్టు పట్టుకున్నాడు. "అంచు పట్టుకోవాల అమ్మణ్ణీ, పాటను పట్టుకోగూడదు" అన్నాడు. పాట పేరు చెప్పాక ఒక్క క్షణం ఊరుకునేవాడు. ఎందుకని అడిగితే, "వినేవాళ్లు కూర్చోవద్దా?" అన్నాడు.

ఆయన కార్యక్రమాన్ని స్టేషన్‌లో టేపు మీద ఎక్కించి వేసేవారు. వారం తిరిగేసరికి అదే టేపు మీద ఇంకొకటి ఎక్కించేవారు. అడిగితే టేపు ఖరీదు అనేవారట. అందుకని అన్న సింగపూర్ నుంచి వచ్చిన వాళ్ల దగ్గర ఒక టేప్ రికార్డరు కొని తిరుత్తణిలో మా ఇంట్లో పెట్టాడు. ఆదివారం వస్తే పిల్లల నోళ్లు మూయించి, రేడియో పక్కన దాన్ని పెట్టి, మీట నొక్కేదాన్ని. అయినా ఒక క్యాసెట్లో మా కుక్కర్ కూత పడింది. నేను నొచ్చుకుంటే, "ఉండనీలే, మీ ఇంటి వాద్యం కదా" అని నవ్వాడు. ప్రతి క్యాసెట్ మీదా తేదీ, మొదటి పాట తెలుగులో రాశాను. మేం చదువుకున్న రోజుల్లో ఇక్కడి బడులు తెలుగువే. అలా ఒక ట్రంకుపెట్టె నిండింది. ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఇక నా తప్పు చెప్పాలి. ఇంట్లో చెమ్మ లేని చోటు పూజగది ఒక్కటే కాబట్టి పెట్టె అక్కడే ఉండేది. షష్ఠి వ్రతం పట్టిన ఏడాది, స్వామి ముందు సినిమా పాటలేమిటని నాకు తోచింది. అన్నకు కబురు పెట్టాను. వచ్చి పెట్టె ఎత్తుకున్నాడు. "సరేలే, నీ స్వామికి నా గోల ఎందుకు" అన్నాడు. వెంగల్‌లో కొడుకు ఇంటికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, మాట పోయింది. అప్పటినుంచి పలక మీద రాసేవాడు. తమిళం బాగా మాట్లాడినవాడే, రాయడం మాత్రం ఎన్నడూ నేర్వలేదు. కొడుకు చదివింది తమిళం, వాడికి తెలుగు అక్షరం రాదు. నేను నెలకోసారి వెళ్లి, ఆయన రాసింది చదివి వాడికి చెప్పేదాన్ని. ఈసారి కొండమీద స్వామికి ఆడికృత్తిక తిరునాళ్లు వచ్చి, ఇంటినిండా కావడి మొక్కులవాళ్లు ఉండి వెళ్లలేదు.

కర్మ అయిన రోజు పెట్టె అడిగాను. మేనల్లుడు నన్ను బయటికి తీసుకొచ్చి చేను చూపించాడు. పాలు పోసుకున్న వరి మీద కర్ర నుంచి కర్రకు నల్లటి టేపు లాగి కట్టి ఉంది.

"పిట్టలు పడతా ఉండె అత్తా. గాలికి ఈ టేపు గుయ్యిమంటే రావని చెప్పినారు. పాత టేపులు కదా అని..."

"వాటిమీద రాసుంది చూడలేదా?"

"రాసుండె. నాకు చదవను రాదు కదా."

"మీ నాయన చూస్తా ఉన్నాడా?"

"అరుగు మీద మంచంలో ఉండినాడు. చెయ్యి ఊపినాడు. బిగించి కట్టమంటాడేమో అనుకున్నా."

"ఒక మాట అనలేదా" అనబోయి నాలుక కరుచుకున్నాను. వాడే చెప్పాడు. "పలక మీద ఏందో రాసినాడు అత్తా. చూపించినాడు. నాకు తెలీలేదు. ఆకలేమో అని అన్నం పెట్టించినా."

"తిన్నాడా?"

"లేదు. పలక తుడిచేసినాడు."

వాడు చెడ్డవాడు కాదు. తండ్రికి ఒళ్లు తుడిచి, బట్ట మార్చి, చివరిదాకా చూసుకున్నాడు. వాడిని ఏమనగలను? పెట్టెను ఇంట్లోంచి పంపింది నేను. ఆ పలక చదవగలిగింది నేను. ఆ రోజు నేను కొండమీద మొక్కులవాళ్లతో ఉన్నాను. ఇప్పుడు రోజూ దీపం పెడుతున్నాను గానీ, స్వామితో మనసు విప్పి మాట్లాడలేకపోతున్నాను.

"విప్పేద్దామా అత్తా?" అని కర్మనాడు ఆ చేను దగ్గర మేనల్లుడు అడిగాడు. ఎండకు, వానకు టేపు ముడతలు పడి, అక్కడక్కడ తెగి వేలాడుతోంది. వద్దన్నాను. గట్టు మీద నిలబడ్డాను. గాలి వచ్చినప్పుడల్లా చేను పొడుగునా టేపు సన్నగా మోగుతోంది. అందులో మాటా లేదు, పాటా లేదు. పిచ్చుకల గుంపు ఒకటి మా వైపు వచ్చి, ఆ చప్పుడు విని, ఒక్కసారిగా పక్క చేలోకి మళ్లింది.