కుడివైపు పరుగు

ఈ భూమ్మీద మా అమ్మమ్మ నెడ్రా హాస్లమ్ కంటే వేగంగా ఒరలోంచి పిస్టల్ తీసిన మనిషి పుట్టలేదు, ఇక పుట్టదు. ఆవిడ పేల్చిన తూటా గురిపెట్టిన అట్టకు తగిలి, చిల్లు పడి, ఆ చిల్లు మీద మేం కాగితం అంటించి వెనక్కి వచ్చాక గానీ చప్పుడు మా చెవిన పడేది కాదు. స్నేక్ నది అవతల మేసే జింకలు ఆవిడ బెల్టు బిగించడం చూసి తామే ఈదుకుంటూ వచ్చి లొంగిపోయేవి.

ఇది పచ్చి అబద్ధమని మా ఊరు రూపర్ట్ చుట్టుపక్కల చక్కెరదుంపల పొలాల్లో పనిచేసే అందరికీ తెలుసు. నిజం ఏమిటంటే, చేతులు బాగున్న రోజుల్లో ఆవిడకి టైమర్ కూత విన్నాక మొదటి తూటా వదలడానికి ఒకటిన్నర సెకను పట్టేది. మా పిస్టల్ క్లబ్బు కుర్రాళ్ళు ఒక సెకనులో వదులుతారు. పోటీ పట్టికలో అమ్మమ్మ పేరు ఎప్పుడూ మధ్యలో ఉండేది. అయినా అబద్ధంతోనే మొదలుపెట్టాను. పదకొండో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకు తెలిసిన పద్ధతి ఇంతే.

అమ్మమ్మ ముప్పై నాలుగేళ్ళు బంగాళాదుంపల ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడింది. పారుతూ వచ్చే దుంపల్లోంచి రాళ్ళూ కుళ్ళినవీ ఏరి పారెయ్యడం పని. కన్ను వచ్చే దుంప మీద ఉండాలి, చెయ్యి వచ్చిన దుంప మీద ఉండాలి. పిస్టల్ పోటీ కూడా అంతేనని ఆవిడ అంటుంది. ఒక అట్ట మీద తూటా వదులుతున్నప్పుడే కన్ను పక్క అట్ట మీదికి వెళ్ళిపోవాలట.

ఆవిడ దీనిలోకి రావడానికి కారణం మా తాత ఆర్డెల్ నడుము. ముప్పై మూడేళ్ళ క్రితం, పోటీకి రుసుం కట్టేశాక, పొలంలో నీళ్ళ గొట్టాలు మోస్తుంటే ఆయన నడుము పట్టేసింది. కట్టిన డబ్బు వృథా పోనివ్వడం మా ఇంట్లో పాపం. అందుకని ఆయన పిస్టల్ తీసుకుని అమ్మమ్మ వెళ్ళింది. నలభై ఒక్కమందిలో నలభై ఒకటో స్థానం వచ్చింది. చూడ్డానికి వెంట వచ్చిన తాత తిరుగు దారి పొడవునా నడుము పట్టుకుని మరీ నవ్వాడట. ఆవిడ ఇంటి ముందు బండి దిగుతూ ఒకే మాట అడిగింది: “వచ్చే నెల పోటీ ఏ తారీకు?”

అప్పటినుంచి ప్రతి ఉదయం పలహారానికి ముందు అరగంట నేలమాళిగలో సాధన. తూటాలు పై అంతస్తులో తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. పిస్టల్ ఖాళీగా ఉందని మూడుసార్లు చూసుకుంటుంది. పీచ్ పళ్ళ సీసాల అలమర పక్కన గోడకి పోస్టుకార్డంత అట్టలు. పిస్టల్ వీపు మీద ఖాళీ తూటా గొట్టం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. తర్వాత టైమర్ కూత, ఒరలోంచి తీయడం, గురి, మళ్ళీ ఒరలోకి. దీంతో ఆవిడ ఒళ్ళు ఎలా తయారైందంటే, ఎక్కడ కూత వినిపించినా చెయ్యి నడుం మీదికి పోయేది. మైక్రోవేవ్‌లో పాలు వేడెక్కితే చెయ్యి నడుం మీదికి. కిరాణాకొట్లో బీన్స్ డబ్బా బిల్లుకి కొట్టినా అంతే. ఒకసారి గల్లాపెట్టె దగ్గరున్న పిల్ల “మామ్మగారూ, నడుం నొప్పా?” అని కుర్చీ తెచ్చి వేసింది. నేను నవ్వలేక చచ్చాను.

నాలుగేళ్ళ క్రితం కుడిచెయ్యి వణకడం మొదలైంది.

మొదట చెంచాలో సూపు ఒలికేది. తర్వాత సంతకం మారింది. ట్విన్ ఫాల్స్‌లో డాక్టరు చూసి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేదే అన్నాడు. కాలక్షేపానికి టమాటాలు పెంచుకోమని సలహా ఇచ్చాడు. అమ్మమ్మ బయటికొచ్చి బండిలో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.

“ఆర్డెల్ పోయి ఆరేళ్ళయింది,” అంది. “ఫ్యాక్టరీ అయిపోయింది. మోకాళ్ళు అయిపోయాయి. నాకు మిగిలింది నెలకో శనివారం. అది కూడా తీసుకుని టమాటాలు ఇస్తానంటాడేంటే వాడు?”

కిందటి శరదృతువులో, పోటీ మధ్యలో, ఆవిడ కుడిచేతిలో పిస్టల్ అందరికీ కనిపించేటంత వణికింది. క్లబ్బు పెద్ద ర్యూలాన్ టోల్మన్ మరుసటి వారం ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, సోఫా అంచున కూర్చున్నాడు.

“నెడ్రక్కా, కోప్పడకు. కమిటీలో మాట్లాడుకున్నాం.”

“చెప్పు. ముసలి గుర్రానికి చూసినట్టు నా పళ్ళు కూడా లెక్కపెడతారా?”

“అది కాదక్కా. ఎడంచెయ్యి బాగానే ఉందిగా. ఎడంచేత్తో నేర్చుకో. మే, జూన్, జూలై, మూడు పోటీలు. ఒక్క భద్రతా తప్పు లేకుండా మూడూ పూర్తి చేస్తే ఇక నీ జోలికి ఎవరూ రారు. ఒక్కటి జరిగిందంటే మాత్రం…”

“జరిగితే?”

“ఒర విప్పెయ్యాలక్కా. ఇక పోటీలుండవు.”

ఆవిడ లేచి వెళ్ళి అతనికి వేడి చాక్లెట్ పట్టుకొచ్చింది. సగం పళ్ళెంలోనే ఒలికింది. అతను పళ్ళెంలోదీ తాగాడు.

ఆ చలికాలం నేను మర్చిపోలేను. ఒరని ఎడమకి మార్చాం, తూటాలు నింపి పిడిలో దూర్చే మేగజైన్లని కుడికి మార్చాం, పిస్టల్ మీద మేగజైను వదిలే మీట కూడా తిప్పి బిగించాం. ముప్పై మూడేళ్ళు ఒక వైపు నేర్చిన ఒళ్ళు డెబ్భై ఒకటో ఏట అద్దంలో బొమ్మలా తిరగాలి. పిస్టల్ ఎడంచేతిలో ఉంది సరే, మేగజైను మార్చాల్సింది మాత్రం వణికే కుడిచెయ్యే. చేపల గాలానికి కట్టే సీసపు గుళ్ళు బట్టలో కుట్టి మణికట్టుకి కట్టుకుంది, బరువుకి వణుకు తగ్గుతుందని. రోజుకి అరగంట కాస్తా మూడు గంటలైంది. మేగజైను పిడిలోకి దూరకుండా అంచుకి కొట్టుకునే టకటక మెట్ల మీదికి వినిపించేది. వినిపించి, ఆగి, మళ్ళీ వినిపించేది. ఒక ఉదయం కిందికి వెళితే, నేల మీద కూర్చుని వణికే చేతిని రెండో చేత్తో కొడుతోంది. నన్ను చూసి ఆపింది.

“ఏం చూస్తావే? ఆ మేగజైను అందుకో.”

మా ఆటలో పెద్ద నియమం ఒకటుంది. అట్టల వెనక తూటాలు ఆపే మట్టిగట్టు వైపు తిరిగి రెండు చేతులూ బార్లా చాస్తే ఏర్పడే గీత ఉంది చూశారూ, పిస్టల్ మూతి ఎప్పుడూ ఆ గీతకి ముందే ఉండాలి. వెనక్కి మళ్ళిందంటే ఆ రోజుకి పోటీ అయిపోయినట్టే. కుడిచేతివాళ్ళకి ఈ గండం ఎడమకి పరిగెడుతూ మేగజైను మార్చేటప్పుడు వస్తుంది. ఒళ్ళు ఎడమకి తిరుగుతుంది, చేతిలో పిస్టల్ ఇంకాస్త ఎడమకి తిరిగి మూతి వెనక్కి పోతుంది. అందుకే కొత్తవాళ్ళు ఎడమకి పరిగెడితే అందరం ఊపిరి బిగబట్టి చూస్తాం. ఎడంచేతివాళ్ళకి ఆ గండం కుడివైపు పరుగులో ఉంటుంది. ఈ మాట అమ్మమ్మకి నేను చెప్పాను. నాకు అమ్మమ్మ చెప్పింది. ఇద్దరం తలలూపాం. తలలకి తెలిసింది.

మే నెల పోటీ గడిచింది. చివరి నుంచి రెండో స్థానం, తప్పు లేదు. జూన్ గడిచింది. చివరి స్థానం, తప్పు లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక కప్పు మీద ఆవిడ ఎడంచేతి బొటనవేలు తనంతట తాను కదలడం చూశాను.

“అదేంటమ్మమ్మా?”

“ఏం లేదు. కప్పు వేడిగా ఉంది.”

“చల్లారి అరగంటైంది.”

“అయితే చలికి.” జూన్ నెల. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. “ఎవరితోనైనా అన్నావంటే నాలుక కోస్తాను. ఇంకొక్క పోటీ. ఒక్కటే.”

జూలైలో గోధుమ కోతలు. టైమర్ పట్టి పోటీ నడిపే రేంజ్ ఆఫీసర్లు సగంమంది పొలాల్లో ఉండిపోయారు. చివరి ఘట్టం దగ్గర టైమర్ పట్టుకోవడానికి మనిషి లేడు. నాకూ రేంజ్ ఆఫీసరు కార్డు ఉంది. ఇంటి మనిషికి టైమర్ పట్టకూడదని అందరూ అంటారు, కానీ పక్కన మనుషులు లేనప్పుడు పడతారు. ర్యూలాన్ నావైపు చూశాడు. నేను టైమర్ తీసుకున్నాను.

“పెద్దమ్మా, మీకేం భయం లేదు, మీ మనవరాలు మార్నీ బటన్ నెమ్మదిగా నొక్కుద్దిలే,” అన్నాడు మా జట్టులో హెక్టర్.

“దాని మొహం! టైమర్ ఏ వైపు పట్టుకోవాలో తెలుసేమో కనుక్కో ముందు.”

ఆ ఘట్టం ఎడమ గోడ దగ్గర మొదలవుతుంది. ఒక్కోదానికి రెండు తూటాల చొప్పున నాలుగు అట్టలు కొట్టి, కుడివైపు కిటికీ దాకా వెళ్ళి ఇంకో నాలుగు కొట్టాలి. మధ్యలో మేగజైను మార్చుకోవాలి. అమ్మమ్మ ఉత్త చేత్తో, వేలు చాపి, ఆ దారి ఏడుసార్లు నడిచింది.

“పరిగెడుతూ మార్చకు,” అన్నాను. “గోడ దగ్గరే నిలబడి మార్చుకుని అప్పుడు కదులు. నాలుగు సెకన్లు పోతే పోనీ.”

“నిలబడే మార్చుకుంటా.”

“ఒట్టు?”

“ఒట్టేనే. ఈ చివర్లో నాకేం పిచ్చా?”

తూటాలు నింపుకుంది. “సిద్ధమేనా?” అన్నాను. తలూపింది. బటన్ నొక్కాను.

ఎడంచేత్తో అంత బాగా కొట్టడం నేను అంతకుముందు చూడలేదు. నాలుగు అట్టల మీద ఎనిమిది తూటాలు, అన్నీ మధ్య గడిలోనే. వెనక హెక్టర్ ఈల వేశాడు. ఎనిమిదో తూటా చప్పుడు ఆగకముందే ఆవిడ కాళ్ళు కదిలాయి. ఒట్టు తలతో వేసింది, పరిగెత్తింది కాళ్ళు. ముప్పై మూడేళ్ళుగా ఆ కాళ్ళు ఎప్పుడూ నిలబడి మార్చుకోలేదు.

కుడివైపు పరిగెడుతోంది. కుడిచెయ్యి బెల్టులోంచి కొత్త మేగజైను లాగింది. పిడి అంచుకి టక్కున కొట్టుకుంది. మళ్ళీ టక్కు. చెయ్యి దూర్చలేకపోయింది. అప్పుడు చలికాలమంతా చెయ్యకూడదని నేర్చుకున్న పని చేసింది. చేతిని పిస్టల్ దగ్గరికి తేవడం మానేసి, పిస్టల్‌నే చేతి దగ్గరికి తిప్పింది.

నేను ఎప్పుడూ నిలబడేటట్టే ఆవిడకి కుడిపక్క, ఒక అడుగు వెనక ఉన్నాను. కుడిచేతివాళ్ళకి అది సరైన చోటు, ఎడంచేతివాళ్ళకైతే ఎడమపక్క నిలబడాలి. పిస్టల్ మూతి గీత దాటి, ఇంకా తిరిగి, నా కడుపు మీద ఆగింది. లోపల ఒక తూటా ఇంకా ఉంది. వేలు ట్రిగ్గర్ బయట తిన్నగా ఉందని కూడా చూశాను. ఆ నల్లటి చిల్లు చూస్తూ నేను అనుకున్నది చెబుతాను: గోడ అడ్డుంది, జట్టులో ఎవరికీ కనపడదు. ఇది మూడో పోటీ, చివరి ఘట్టం. ఇంకో ఎనిమిది తూటాలంతే. నోరు మూసుకుంటే ఆవిడ బతుకుతుంది.

ఎంతసేపు అనుకున్నానో టైమర్‌లో లేదు.

“ఆపు!” అని అరిచాను.

రాయిలా ఆగింది. మూతి మట్టిగట్టు వైపు తిరిగింది. మేగజైను తియ్యి, తూటా తియ్యి, చూపించు, ఒరలో పెట్టు. నేను చెప్పినవన్నీ చేసింది.

“మూతి గీత దాటింది,” అన్నాను. “పోటీ నుంచి తప్పిస్తున్నాను.”

ఆవిడ నా మొహం చూడలేదు. నేను నిలబడ్డ చోటుని చూసింది, తన ఎడంచేతిని చూసింది. తప్పించినవాళ్ళు రేంజ్ ఆఫీసరుకి చెయ్యి కలిపి వెళ్ళడం మా దగ్గర మర్యాద. చెయ్యి చాపింది. పట్టుకున్నాను. అది ఎడంచెయ్యి, కుడిచెయ్యిలాగే వణుకుతోంది.

ర్యూలాన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మమ్మ బెల్టు విప్పి, పిస్టల్ సంచీలో పెట్టి, అంటించే కాగితాల చుట్ట తీసుకుంది. మిగిలిన పదిమందీ కొట్టేదాకా ఎండలో అట్టల మీద చిల్లులు మూస్తూ తిరిగింది. కొన్ని కాగితాలు చిల్లు లేని చోట కూడా అంటుకున్నాయి. ఎవరూ వాటిని సరిచెయ్యలేదు.

ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోలేదు. నేలమాళిగలో గోడ మీది అట్టలు ఒక ఉదయం ఆవిడే పీకేసింది. మైక్రోవేవ్ కూస్తే చెయ్యి ఇప్పటికీ నడుం మీదికి పోతుంది. అక్కడ ఏమీ లేదని తెలిసి, ఆ చేత్తోనే గౌను ముడతలు సర్దుకుంటుంది. నేను ఇంకో వైపు చూస్తాను. ఇప్పుడు నవ్వు రాదు.

మొన్న ఆవిడ వంటింట్లో పీచ్ పళ్ళు చెక్కు తీస్తోంది. ఒక్కో పండుకి పావుగంట పడుతోంది, సాయం చేస్తానంటే కత్తి చూపిస్తోంది. బల్ల అవతల కూర్చుని ఈ కాగితాలు ఇక్కడిదాకా చదివి వినిపించాను. తలెత్తలేదు. నెలరోజులుగా దాచుకున్నది అడిగేశాను.

“అమ్మమ్మా, నేను అరవకుండా ఉండాల్సిందా?”

కత్తి ఆగింది.

“ముందే అరవాల్సింది,” అంది. “అయినా ఆ వైపు ఎందుకు నిలబడ్డావే, బుద్ధిలేని గాడిదా?”