మనాంగ్ సాల్వింగ్ స్పీకింగ్ పరీక్ష

మనాంగ్ సాల్వింగ్‌ని ఏదైనా అడిగితే జవాబు రాదు. ప్రశ్న వస్తుంది. ఎలా ఉన్నావు మనాంగ్, అంటే అక్కా, అని పలకరిస్తే, నువ్వు తిన్నావా అంటుంది. ఎక్కడికి బయల్దేరావంటే, మీ అమ్మ మోకాలు తగ్గిందా అంటుంది. పోలీసు ఆపి పేరడిగినా, ముందు అతని ఊరూ పిల్లల చదువులూ తెలుసుకున్నాక గానీ తన పేరు చెప్పదు. ఈ ఒక్క అలవాటు పుణ్యమా అని, నర్సింగు మొత్తం ఇంగ్లీషులో చదివి, ఫిలిప్పీన్స్‌లో మా ఇలోయిలో ఊళ్లో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే కేసు షీట్లు రాసిన మనిషికి ఇంగ్లీషు మాట్లాడటం రాదని ఒక పరీక్ష తేల్చేసింది.

అంతకుముందు అదే పరీక్ష ఆమె ఒకసారి పాసైంది. ఎలా పాసైందో ఎవరికీ తెలియదు, అడిగితే చెప్పదు కదా. కానీ ఆ సర్టిఫికెట్టు ప్రాణం రెండేళ్లే. ఇంగ్లండు ఉద్యోగం కోసం ఆమె పెట్టిన కాగితాలు ఈ ఆఫీసు బల్ల మీంచి ఆ ఆఫీసు బల్ల మీదికి పాకేలోపు ఆ రెండేళ్లూ కాస్తా గడిచిపోయాయి. "మీ ఇంగ్లీషు గడువు దాటిపోయింది" అన్నాడు కిటికీ వెనక గుమస్తా. భాషకి పాల ప్యాకెట్టుకున్నట్టు గడువేమిటని నేనైతే ఆ కిటికీ ఊడబెరికేదాన్ని. మనాంగ్ మాత్రం అతని మొహం కాసేపు చూసి, భోంచేశారా సార్ అని అడిగింది. అతను చేయలేదట. గ్యాస్ట్రిక్ అట. ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి, మళ్లీ పరీక్షకి ఫారం తీసుకుని ఇంటికొచ్చింది.

నా పేరు జోవెలిన్. ఆమె వార్డులోనే నర్సుని, ఆమెకి సొంత చెల్లెలి లెక్క, నన్ను ముద్దుగా ఇందాయ్ అని పిలుస్తుంది. నర్సుల సంఘంలో మైకు ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అందుకే మనాంగ్‌కి మాట్లాడటం నేర్పే పని అందరూ కలిసి నా నెత్తిన రుద్దారు. ఇంగ్లండులో ఒక ఆసుపత్రి ఆమెకి పర్మనెంటు ఉద్యోగం అట్టేపెట్టింది. ఆగస్టు ఆఖరులోగా మార్కులు చూపించకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇక్కడేమో వయసు యాభైకి దగ్గరపడుతున్నా ఆమె ఇంకా కాంట్రాక్టు నర్సే. ఆరు నెలలకోసారి కొత్తగా చేరినట్టు సంతకం పెట్టాలి, పింఛను మాట ఎత్తకూడదు.

ఆ రెండోసారి పరీక్షలో చదవడం, రాయడం, వినడం అన్నిటిలోనూ ఆమెకి మంచి మార్కులే. స్పీకింగ్ దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆ గదిలో ఎదురుగా ఒక పరీక్షకురాలు, మధ్యలో ఒక రికార్డరు. నీ ఊరేది, నీకేమిష్టం అని అడుగుతారు. తర్వాత ఒక చీటీ ఇచ్చి, అందులో ఉన్న విషయం మీద రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడమంటారు. పరీక్షకులు తమ సొంత సంగతులు చెప్పకూడదని నియమం. ఆ నియమమే మా మనాంగ్ కొంప ముంచింది. ఖాళీ సమయంలో ఏం చేస్తారని పరీక్షకురాలు అడిగితే, మీ చీలమండ వాచినట్టుంది, బీపీ చూపించుకున్నారా అని ఈవిడ అడిగింది. ఆవిడ చెప్పకూడదు, ఈవిడ చెప్పదు. మిగిలిన సమయమంతా ఆ రికార్డరులో ఏసీ చప్పుడే రికార్డయి ఉంటుందని నా నమ్మకం.

ఆమెని కోచింగ్ సెంటర్లో చేర్పించాం, తోడుగా నేనూ చేరాను. అక్కడ రొడెల్ సార్ పరీక్షకుడి వేషం కట్టి, రికార్డరు పెట్టి, మీ సొంతూరి గురించి చెప్పండి అన్నాడు. సముద్రం ఒడ్డున ఉంటుంది సార్, మీరు పోయిన వారం కంటే చిక్కారేమిటి అంది మనాంగ్. తప్పులు ఎత్తి చూపిద్దామని ఆ సాయంత్రం క్లాసంతటికీ ఆ రికార్డింగు వినిపించాడు పాపం. అందులో మనాంగ్ గొంతు అక్కడక్కడా మూలుగులా వినపడింది. మిగతాదంతా రొడెల్ సార్‌ది. పెళ్లి ఎందుకు తప్పిపోయిందో, ఆ అమ్మాయి ఎవరితో సెబూ వెళ్లిపోయిందో, ఉంగరం ఇప్పుడు ఎవరి దగ్గరుందో చాలా చక్కటి ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. ఆపుదామని అతను లేచేసరికి క్లాసంతా ఆపొద్దని గోల పెట్టింది.

ఇలా కాదని నేనో జరిమానా పెట్టాను. నన్ను తిరిగి ఒక ప్రశ్న అడిగితే ఒక పాండెసాల్ రొట్టె నాకివ్వాలి. మర్నాడు ఆమె బేకరీ నుంచి వేడివేడిగా పెద్ద సంచీడు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి మనాంగ్?"

"ముందే కట్టేస్తున్నానే ఇందాయ్. ఇప్పుడిక ప్రశాంతంగా అడుగుతా. రాత్రి నిద్ర పట్టిందా నీకు?"

ఆ నెలంతా ఆమె మా అమ్మ గురించీ, అమ్మ వంటల గురించీ అడుగుతూనే ఉంది, రొట్టెలకి నా యూనిఫాం బిగుతైంది. ఆమె ఇంగ్లీషు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అడగకుండా నోరు కట్టేస్తే ఇంకో రోగం బయటపడింది. మా వాళ్లు అవును అనడానికి నోరు వాడరు, కనుబొమలు ఎగరేస్తారు. అటు అని చూపించడానికి వేలెత్తరు, మూతి చాపుతారు. ఉద్యోగం చేస్తున్నారా అంటే మనాంగ్ బొమలు ఎగరేసింది. ఎక్కడ అంటే ఆసుపత్రి వైపు మూతి చాపింది. రికార్డరుకి కళ్లుండవు మనాంగ్ అని మొత్తుకుని, ఆఖరికి వార్డులో వాడే ప్లాస్టరు ముక్కలు తెచ్చి ఆమె రెండు బొమల మీదా అంటించాను. ఎగరేస్తే చురుక్కుమంటుంది, నోరు తెరుస్తుంది అనుకున్నాను. ఆ ప్లాస్టర్లతోనే జీప్నీ ఎక్కింది. దెబ్బ తగిలిందా అక్కా అని డ్రైవరు అడిగాడు. అది సరే, నువ్వు క్లచ్చు తొక్కేటప్పుడు అలా మొహం పెడుతున్నావేం అని ఈవిడ అడిగింది. ఇక చూస్కోండి. మా స్టాపు దాటిపోయాక కూడా అతని నడుం నొప్పి కథ అవలేదు. ఎర్రటి ఎండలో వెనక్కి నడిచి వచ్చాను, ఆమెని తిట్టుకుంటూ. పక్కన నడుస్తూ ఆమె, కోపం వస్తే నీకు తలనొప్పి కూడా వస్తుందా అని అడిగింది.

మా బ్యాచిలో జెనలిన్ అని ఒక చిన్నమ్మాయి ఉండేది. ఆంటికే కొండల నుంచి వచ్చింది. మార్కుల్లో ఎప్పుడూ ముందే గానీ, రికార్డరు ఎర్ర లైటు వెలగ్గానే నోరు పడిపోయేది. రొడెల్ సార్ అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. మనాంగ్ రోజూ వెళ్లి సరిగ్గా ఆ పిల్ల పక్కనే కూర్చునేది. ఇద్దరు మూగవాళ్లు ఒక బెంచీ మీద చేరారని నేను తల పట్టుకునేదాన్ని.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆమెతోపాటు నేనూ రాస్తున్నాను. ఇంగ్లండు వెళ్లే ఉద్దేశం నాకు లేదు గానీ, మనాంగ్‌ని ఒంటరిగా పంపే ధైర్యం అంతకంటే లేదు. పరీక్ష జరిగే హోటలుకి ఎదురుగా ఉన్న బాచోయ్ సూపు కొట్లో జెనలిన్‌తో కలిసి ముగ్గురం కూర్చున్నాం. మనాంగ్ కోసం రాత్రంతా తయారు చేసిన జవాబులన్నీ నా నాలిక మీద సిద్ధంగా ఉన్నాయి. నా ఇల్లు, నా ఉద్యోగం, నా ఇష్టాలు అంటూ ఆమె చెప్పాల్సినవే అన్నీ. ఆమె చెప్పదు కాబట్టి నేనే ఊహించి తయారు చేశాను. ఒక్కసారి అప్పజెప్పమని బతిమాలాను. ఎదురుగా జెనలిన్ సూపు ముట్టుకోలేదు. మనాంగ్ నా వైపు కూడా చూడకుండా ఆ పిల్లని ఇంగ్లీషులో అడిగింది.

"మీ అమ్మమ్మ పంది ఈనిందా?"

"ఈనింది మనాంగ్."

"ఎక్కడ?"

జెనలిన్ చెంచా కింద పెట్టింది. "చర్చిలో."

ఆ తర్వాత ఆ పిల్లని ఆపడం నా వల్ల కాలేదు. పంది కంచె తెంచుకుని ఆదివారం ప్రార్థన మధ్యలో చర్చిలోకి దూరడం, పీఠం కింద పడుకుని పిల్లల్ని కనడం, ఫాదరు ప్రసంగం ఆపి వేడినీళ్ల కోసం పరిగెత్తడం, ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో పొంగుకొచ్చాయి. ఆ చర్చి ఎలా ఉంటుంది, అక్కడికి ఏ దారిన వెళ్లాలి, ఆ పూట వంటేమిటి అని మనాంగ్ మధ్యమధ్యలో ఎగదోస్తోంది. నేను గడియారం చూపిస్తున్నాను, బల్ల కింద కాలు తొక్కుతున్నాను. కాలికేమైందే నీకు అని అడిగింది మనాంగ్. ఆ మాటల ఊపులోనే లేచి జెనలిన్ రోడ్డు దాటింది. తన వంతు పిలిచినప్పుడు కూడా పందిపిల్లల రంగులు చెబుతూనే గదిలోకి వెళ్లింది. మనాంగ్ మాత్రం నేను తయారు చేసిన ఒక్క ముక్క కూడా నోట పెట్టకుండా లోపలికి నడిచింది. ఉద్యోగం పోయినట్టేనని నాకు అర్థమైపోయింది. బయటికొచ్చాక ఎలా రాశావన్నాను. నీకెలా జరిగిందంది.

ఫలితాలొచ్చిన రోజు ఫోనులో ఆమె మార్కులు నేనే చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. కావలసినదానికంటే ఎక్కువే వచ్చాయి. జెనలిన్ కూడా పాసైంది. నేనూ పాసయ్యాను గానీ నా సంగతి ఎవరికి కావాలి. మనాంగ్‌ని వార్డు బయటికి లాక్కొచ్చి, ఇవాళ మాత్రం చెప్పి తీరాలని పట్టుబట్టాను. చీటీలో ఏమొచ్చింది?

"చూడాలనుకునే ఊరు ఒకటి చెప్పమన్నారు."

"ఏం చెప్పావు?"

"జెనలిన్ వాళ్లూరు చెప్పాను. దారి, చర్చి, పంది, ఫాదరు అన్నీ. చేయి అడ్డం పెట్టి ఆపేశారే వాళ్లు. ఇంకా ఈనక ముందే."

నాకు నవ్వాగలేదు. తన గురించి నాలుగు ముక్కలు చెప్పలేని మనిషి, పక్కవాళ్ల గురించయితే పరీక్షకులు అలసిపోయేలా చెప్పగలదన్నమాట. కానీ అసలు కోపం మిగిలే ఉంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే పూట, అప్పజెప్పుకోవాల్సిన ఆ చివరి అరగంట పందికి ధారపోస్తావా అని నిలదీశాను. ఆమె మొట్టమొదటిసారి ఎదురు ప్రశ్న వేయకుండా ఇంత పొడుగు జవాబిచ్చింది.

"ఆ పిల్లని నీ అభిప్రాయమేంటి అంటే బిగుసుకుపోతుందే ఇందాయ్. పంది గురించి అడిగితే మర్చిపోయి మాట్లాడుతుంది. మన రోగులంతే కదా. నొప్పుందా అంటే సిగ్గుపడి లేదంటారు, డాక్టరు గారిని ఇబ్బంది పెట్టడమెందుకని. పోయినేడు మన వార్డులో చేరిన ఒక తాతకి నొప్పే లేదట. నీ పందెం కోడి ఎలా ఉందని అడిగా. వారం రోజులుగా మెట్లెక్కి దానికి గింజలు వేయలేకపోతున్నా, గుండె పట్టేస్తోంది అన్నాడు. ఒక్కో నోరు ఒక్కో చోట తెరుచుకుంటుంది. వెతకాలి."

మరి నన్నెందుకు అన్నిసార్లు మా అమ్మ గురించి అడిగావన్నాను. నిన్ను మిగతా ఏది అడిగినా ప్రభుత్వం మీద ఉపన్యాసం ఇస్తావు, పరీక్షలో దానికి మార్కులుండవు అంది. నిజమే. స్పీకింగ్‌లో నాకు వచ్చిన చీటీకి మా అమ్మ చేపల పులుసు గురించే మాట్లాడాను. రొట్టెలు పెట్టి మరీ, ఫీజు లేకుండా, బ్యాచి మొత్తానికి కోచింగ్ ఇచ్చింది ఈవిడ. ఆవిడకి నేర్పుతున్నానని ఊళ్లో చెప్పుకు తిరిగింది నేను.

ఆమె ఆగస్టులోనే విమానం ఎక్కింది. మా బెంగ తీరింది గానీ మా వార్డుకి ఒక నర్సు తక్కువైంది, అది ఇంకో పోరాటం. ఇప్పుడు మా సంఘం ఒక అర్జీ తిప్పుతోంది. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో పని చేసే నర్సు ఒకసారి పాసైతే చాలు, ఆమె నోటికి గడువు పెట్టొద్దని. మీ దగ్గరికి వస్తే చదివి సంతకం పెట్టండి, మీ ఇంట్లోవాళ్ల చేత పెట్టించండి.

అంతవరకూ ఇంకో పని ఉంది. మీ వీధిలోనూ ఎవరో ఒక నర్సు ఈ పరీక్షకి తయారవుతూనే ఉంటుంది. వారానికో అరగంట వెళ్లి ఆమె ఎదురుగా కూర్చోండి, ఏదో ఒకటి అడగండి, తీరిగ్గా వినండి. కాసేపటికి మీకు మీ కథ చెప్పుకోవాలనిపిస్తుంది. దయచేసి నోరు మూసుకోండి. పరీక్ష ఆమెది.