నర్సీపట్నంలో ఆవ పెట్టిన చియా

మా బావ చెరుకు చేలో గట్టు మీద కళ్ళు తిరిగి కూలబడిపోయాడని అక్క ఫోన్ చేసిన రోజే నర్సీపట్నం వెళ్ళాలని తేల్చేసుకున్నాను. ఆ మధ్య ఆయనకి షుగర్ బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, అన్నం తగ్గించి కూర పెంచమని, వేళకి మాత్రం తప్పకుండా తినమని చెప్పారట. బావ చెవికి అందులో ‘తగ్గించమన్న’ మాట ఒక్కటే ఎక్కింది. మాత్ర వేసుకుంటాడు, కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోతాడు. ఏ పదార్థం చూసినా అందులో షుగరే ఉందని భయం. మాత్ర పడ్డాక కడుపులో తిండి లేకపోతే కళ్ళు తిరగక ఏమవుతుంది? నాకూ షుగర్ ఉంది. ఏడాదిగా వంటల్లో చియా గింజలు కలుపుకుని, డాక్టరు చెప్పిన కొలతలోనే, కడుపు నిండా తింటున్నాను. ఆయనతో ఒక్కపూటైనా నిండుగా తినిపించి రావాలని అరకిలో ప్యాకెట్టు సంచిలో పడేసుకుని బయల్దేరాను.

రాజమండ్రిలో పొద్దున్నే రైలెక్కి యలమంచిలిలో దిగాను. నర్సీపట్నం రోడ్ అని ఇంకో స్టేషను ఉంది గానీ, పేరు చూసి అది ఊళ్ళోనే ఉంటుందనుకోకండి, అక్కడినుంచి కూడా బస్సు తప్పదు. నా రైలు అక్కడ ఆగదు కాబట్టి నాకు ఆ గొడవ లేకపోయింది. ఆర్టీసీ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు, మగవాళ్ళు వంద రూపాయలు చేత్తో పట్టుకుంటే చాలు. గంటన్నర లోపే నర్సీపట్నం కాంప్లెక్సులో ఉన్నాను. బయట ఆటో అబ్బాయి నా సంచి అందుకుంటూ, “బలిఘట్టం రోడ్డేనా అమ్మా? ముప్పయ్యివ్వండి, బేగి దించేత్తాను” అన్నాడు. అన్నట్టే త్వరగా దించేశాడు, మధ్యలో గతుకులన్నీ నా నడుముకి పరిచయం చేసి మరీ.

బావని చూడగానే నాకు దుఃఖం ఆగలేదు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. మొహం కడుక్కున్న వెంటనే మజ్జిగలో చియా నానబెట్టి, అరగంట ఆగి ఉప్పు, కొత్తిమీర వేసి గ్లాసు చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

“ఏటిది రత్నం? కప్పగుడ్లా?”

“చియా గింజలు బావా. నేను రోజూ తాగుతాను.”

“నువ్వు తాగు తల్లీ. నాను ముట్టుకోను. ఒగ్గెయ్.”

వదిలెయ్యమనేసరికి ఒళ్ళు మండిపోయింది. రైలూ బస్సూ ఎక్కి తెచ్చింది కప్పగుడ్లా! మిగిలిన గింజల్ని వంటింటి గూట్లో కనబడిన ఖాళీ స్టీలు డబ్బాలో పోసేసి, అక్కకి ఒక ముక్క కూడా చెప్పకుండా, షేర్ ఆటోలో బలిఘట్టం శివాలయానికి వెళ్ళిపోయాను. అక్కడ వరహా నది ఉత్తరం వైపు తిరిగి పారుతుంది. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, వెళ్ళేవాళ్ళు పదకొండు లోపు చేరుకోవడం మంచిది. దణ్ణం పెట్టుకుని, కాసేపు రేవు దగ్గర కూర్చుంటే కోపం చల్లారింది. బావ గురించి భయం మాత్రం అలాగే ఉంది.

ఒంటిగంటకి ఇల్లు చేరేసరికి అరటికాయ ఆవ పెట్టిన కూర పొయ్యి మీంచి దిగిపోయి ఉంది. అక్క మిక్సీ గిన్నె కడుగుతూ గొణుక్కుంటోంది. “ఏటోనే, ఈపాలి సన్నావాలు బాగున్నట్టు లేవు. ఎంత రుబ్బినా ఘాటు రాలేదు. బంకలాగ గిన్నెకి పట్టుకుంతన్నాయి. ఇంకో రెండు పచ్చిమిరపకాయలేసి కలిపేసినాను.”

నేను గూటికేసి చూశాను. “ఏ డబ్బాలోవి అక్కా?”

“అదిగో, ఆ మూలది.”

అది నేను పోసిన డబ్బా. కళ్ళజోడు లేని అక్కకి చియా సన్నావాల్లా కనబడిందంటే తప్పెవరిది? చెప్పకుండా పోసిన నాది. ఇంకో కూర వండుదామంటే వ్యవధి లేదు, బావ అప్పటికే మాత్ర వేసుకుని కంచం ముందు కూర్చున్నాడు. కూర చూసి లేచిపోతే మళ్ళీ కళ్ళు తిరగడమే. అక్క చెవిలో సంగతి ఊదాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బావ మొదటి ముద్ద తిని ఆగాడు. “ఏటే, ఆవ ఘాటే లేదు?”

అక్క మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

రెండో ముద్ద. మూడోది. “కారంగా, కమ్మగా ఉన్నాది. గొంతులోకి జారిపోతన్నాది.” కంచంలో అన్నం అయిపోయింది. కూర ఇంకొంచెం వెయ్యమన్నాడు. గరిటె పట్టుకున్న అక్క బావురుమంది. కట్టుకున్నవాడికి అబద్ధం చెప్పడం ఆవిడ వల్ల కాదు. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

బావ కంచంకేసి చూశాడు, నాకేసి చూశాడు. “అంటే, కప్పగుడ్లు తినేసినానా?”

“ఆ.”

“పచ్చిమిరపకాయలేస్తే బాగానే ఉన్నాయే! ఇంకో గరిటెయ్యి,” అని పగలబడి నవ్వాడు.

అమ్మయ్య! ఆ నవ్వు విన్నాక గానీ పొద్దుటినుంచి నాకూ తిండి లేదని గుర్తు రాలేదు. ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం.

సాయంత్రం ఆయనే అడిగాడు, దేన్లో ఎయ్యొచ్చని. చోడి అంబలి, అదే రాగి అంబలి, చల్లారాక ఒక చెంచా నానిన గింజలు కలిపి చూపించాను. దోశ పిండిలో కలిపితే తేడాయే తెలియదు. పెసరట్టు మీద జీలకర్రతో పాటు నానినవి చల్లుకోవచ్చు. ఉడికించిన శనగల్లో నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ ముక్కలతో కలుపుకుంటే నాలుగింటి ఆకలి తీరిపోతుంది. బీరకాయ పచ్చడి పల్చబడితే అరచెంచా వేస్తే చిక్కబడుతుంది. “సేపల పులుసులోనో?” అంది అక్క. అందులో మాత్రం వద్దని బావా నేనూ ఒక్కసారే అరిచాం.

తిరుగు బస్సులో ఆలోచిస్తే, చియా ఏదో మహిమ చేసిందని నేననుకోవడం లేదు. మాత్రలు మాత్రలే, డాక్టరు డాక్టరే. ఇన్నాళ్ళూ బావని వణికించింది కంచం. ఆ పూట ఆవ పెట్టిన కూర అనుకుని, భయం మరిచి తిన్నాడు. తిన్నాక ఏమీ కాలేదని తనకి తానే తెలుసుకున్నాడు. నేను ఎన్ని మాటలు చెప్పినా అంత పని జరిగేది కాదు.

మీరూ మొదలుపెట్టేట్టయితే ఒక్క జాగ్రత్త: గింజల్ని పొడిగా నోట్లో పోసుకోకండి, గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. చెంచాడు గింజలకి గ్లాసు నీళ్ళు పోసి, కనీసం అరగంట నానాకే వాడండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ముందుగా డాక్టర్ని ఒక మాట అడగండి. ఇది రాస్తుంటే అక్క ఫోన్. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. “రత్నం, మీ బావ పొద్దున్నే చేనుకెల్తా కేరేజీ కట్టమని అడిగినాడే!”