ఆటలో కూడా కూర్చోనివ్వలేదు

నా పేరు మల్లవ్వ. డెబ్బై దాటాయి. చొప్పదండి దగ్గరి ఊళ్లో కొడుకు, కోడలు, మనుమరాలు శ్రావణితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శ్రావణే రాస్తోంది, ఫిర్యాదు కూడా దాని మీదే.

రెండు రోజుల్లో వీడియో గేమ్ తయారుచేసి పంపే పోటీ ఉందట, గేమ్ జామ్ అంటారట. దానికోసం ఇది తన మొదటి ఆట చేసింది. అందులో ముసలమ్మను నేనే, తిట్లు కూడా నా గొంతుతోనే. మిద్దె మీద ఆరబోసిన మక్క కంకులకు కోతులు వస్తుంటే కట్టెతో కొట్టాలి. ఇవాళ పొద్దంతా నిజం కోతులను కొట్టి, సాయంత్రం ఫోన్లో అదే చూశాను. మూడు కంకులు పోగానే ముసలమ్మ చచ్చిపడింది.

"నన్నెందుకు సంపినవే?"

"మల్ల లేస్తవ్ నాయినమ్మా, ఫికర్ చెయ్యకు."

"లేచి?"

"మల్ల కోతులను కొడ్తవ్."

"మరి కూసునుడెప్పుడే, పోరీ?"

"నువ్వు కూసుంటే ఆట అయిపోతది."

"గట్లయితే గదే గెలుసుడని పెట్టు."

పంపే టైమ్ అయిపోతోందని గొణుగుతూనే పెట్టింది. ఇప్పుడు కోతులన్నీ పోతే ముసలమ్మ అరుగు మీద కూర్చుంటుంది. ఆడేవాళ్లు జర తొందరగా గెలవండి, నా కాళ్లు గుంజుతున్నాయి.

సంతకానికి బదులు ఫోన్ అద్దం మీద నా బొటనవేలు నొక్కాను.
సాక్షులు: పక్కింటి లచ్చవ్వ, ముద్దాయి శ్రావణి.