బొల్లిగుట్ట మీద రెండు పాయల రాయి

మా ముత్తాత గంగారెడ్డి పటేల్, ఆయన కొడుకు, అంటే మా తాత భూంరెడ్డి పటేల్, వీళ్లిద్దరి మాట లేనిదే మా వాగులో నీళ్లు కదిలేవి కావు. పటేల్‌గిరీ అంటే శిస్తు వసూళ్లూ పంచాయితీలూ అనుకుంటారు చాలామంది. మా ఇంట్లో మాత్రం అది అన్నిటికన్నా ముందు నీళ్ల పెద్దరికం. ఏ మడికి ముందు తడి, ఏ మడికి తర్వాత, వాగుకు అడ్డంగా రాళ్లూ మట్టీ పోసి కట్టిన కత్వను ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు తెంపాలి అన్నవి మా అరుగు మీద తేలితేనే మిగతా ఊరు పార భుజాన వేసుకునేది. నేను ఆ ఇంటి చివరి మనిషిని. ఇప్పుడు కోరుట్లలో ఒక మేడమీది రెండు గదుల్లో అద్దెకుంటున్నాను.

పొద్దున పాలపాకెట్ కోసం గేటు తీసేసరికి ఇసుక ట్రాక్టర్లు రోడ్డంతా నీళ్లు కార్చుకుంటూ పోతుంటాయి. తడి ఇసుక వాసన, అందులో కొంచెం నాచు, కొంచెం నత్తగుల్ల, ఎండలో ఆరిన తుంగవేళ్ల వాసన, మెట్ల మీదికి వచ్చి నన్ను ఆపుతుంది. ఆ ఇసుక ఏ వాగుదో నాకు తెలియదు, మాదే అనిపిస్తుంది. ఎవరి స్లాబుకో, ఎవరి ప్రహరీగోడకో పోతున్న ఆ కుప్పలను చూస్తే ఈ వయసులో కూడా నాకు కడుపు మండుతుంది. ఈ మంట నాకు కొత్తది కాదు, పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అంటుకున్నది.

మా ఊరు కోరుట్లకూ సిరిసిల్లకూ నడుమ సాగే గుట్టల వరుసకు ఉత్తరపు వాలులో ఉంది. ఆ వరుసలో ఎత్తైనది బొల్లిగుట్ట. ఒంటి మీద తెల్లరాతి మచ్చలున్న ఆవులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. దానికి రెండు మూపురాలు, నడుమ ఒక పల్లం. వాన పడితే మూపురాల మీది నీళ్లన్నీ ఆ పల్లంలోకి దిగి చిన్న ఒర్రె అవుతాయి. ఒర్రె నాలుగడుగులు పారిందో లేదో, ఎదురుగా పడుకున్న దున్నపోతంత నల్లరాయి ఒకటి దాన్ని రెండుగా చీలుస్తుంది. ఉత్తరపు పాయ మోదుగుల మధ్య నుంచి దిగి, తుంగమడుగు నింపి, మా కత్వ దగ్గరికి వచ్చేసరికి గుండ్లవాగు అనిపించుకుని, అక్కడి నుంచి కోరుట్ల వైపు పోతుంది. దక్షిణపు పాయ సిరిసిల్ల వైపు దిగి మానేరును వెతుక్కుంటుంది. ఒకే వాన, ఒకే గుట్ట, ఒక్క రాయికి అటూ ఇటూ. అటు పోయే నీళ్లను చూస్తే, మా బావిలోంచి ఎవరో చెప్పకుండా చేదుకుపోతున్నట్టు ఉండేది నాకు.

అందుకు మా పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. మృగశిర కార్తె, మా మిరుగం, దాటి, ఆరుద్ర పురుగులు ఎర్ర మఖమల్ గుండీల్లా చెలకల నిండా పరుచుకుని, పెద్ద పూసల కార్తెలో, అంటే పునర్వసులో, ఒర్రె గట్టిగా పారడం మొదలుపెట్టగానే నీరటి గుట్ట ఎక్కేవాడు. నీరటి అంటే మడిమడికీ నీళ్లు పంచేవాడు. అతను దక్షిణపు పాయ నోటికి అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో పచ్చికగడ్డలు కుక్కి మూసేవాడు. అప్పుడు మా ఇంటి మనిషి మోదుగాకు దొప్పలో పసుపుముద్ద, బెల్లపు ముక్క పెట్టి ఉత్తరపు పాయలో వదలాలి. దొప్ప కత్వ దాకా చేరితే ఆ ఏటి మొదటి నీళ్లు మాకు అందినట్టు. ఆ తర్వాత నీరటి మళ్లీ గుట్ట ఎక్కి, నేల కోసుకుపోకుండా అడుగు వరస ఉంచి, పై అడ్డురాళ్లు మాత్రం తీసి, అటువాళ్ల నీళ్లను అటు వదిలేవాడు. ఆ రోజు కత్వ మీద ఊరంతా ఉండేది. ఇళ్లలో సర్వపిండి గిన్నెలకు అంటుకుని కాలే వాసన, పచ్చిపులుసులో వేసే ఉల్లిగడ్డ వాసన, చెరువు నుంచి ఎదురెక్కే పరక చేపల కోసం ఆడవాళ్లు పాత చీరలు పట్టుకుని నిలబడిన చోట నీచువాసన, అన్నీ కలిసి తడిసిన గాలిలో వేలాడేవి.

మా కాలపు నీరటి పేరు ఓదెలు. అతని బిడ్డ రాజవ్వ నా ఈడుది. నా జీవితంలో నేను ఓర్వలేకపోయిన మనుషుల లెక్క తీస్తే అది ఆమెతో మొదలై ఆమెతోనే అయిపోతుంది.

ఎండాకాలం వాగు ఎండిపోయాక మేము ఇసుకలో చెలిమెలు తోడేవాళ్లం. పాదం మీద తడి ఇసుక పేర్చి పిట్టగూళ్లు కట్టి, కచ్చకాయలాడి అలసిపోయి, దాహమైతే చేతులతో గుంట తవ్వి, ఊరిన నీళ్లను ఆకుతో తాగడం మాకు ఆటే. నేను మోచేయి దిగేదాకా తవ్వినా పొడి ఇసుకే జారేది. రాజవ్వ చుట్టూ ఒకసారి చూసి, నాలుగడుగులు అవతల కూర్చుని, జానెడు తోడితే నీళ్లు వచ్చేవి. ఎట్లా అని అడగడానికి నాకు నామోషీ. ఒకసారి అడగకుండానే చెప్పింది: "ఇసుక మీద చెయ్యి పెట్టు చిన్న పటేలమ్మా. ఏడ సల్లగుంటే గాడ." నేను చెయ్యి పెట్టి చూశాను. నాకు అన్నిచోట్లా ఒక్కలాగే కాలింది.

ఏ మడుగులో జెల్లలుంటాయో, ఏ మలుపులో ఊబి ఉంటుందో, గుట్ట మీద ఎంత వాన కురిస్తే కత్వ మీద ఎంత లోతో ఆమెకు తెలుసు. మా తాత చేతికర్ర ఇసుకలో దిగబడితే ఆమె భుజం పట్టుకుని వాగు దాటేవాడు. నేను పక్కనే ఉండగా ఓదెలుతో అన్నాడొకసారి, "నీ పోరికి వాగు చుట్టమే ఉన్నట్టున్నదిరా." నన్ను మా తాత ముద్దు చేసేవాడు, పట్టు పరికిణీలు కుట్టించేవాడు, జగిత్యాల అంగడి నుంచి బాదుషాలు తెప్పించేవాడు. అలాంటి మాట మాత్రం నన్ను గురించి ఏనాడూ అనలేదు. వాగు మా ఇంటిది, చుట్టరికం ఆమెదా?

ఆ ఏడు తాతకు మోకాళ్లు పట్టేశాయి. దొప్ప వదలడానికి గుట్ట ఎక్కే పని నాకొచ్చింది. నేను గర్వంతో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బయలుదేరే పొద్దున అరుగు మీద తాత ఓదెలుతో అంటుంటే విన్నాను.

"దొప్ప నువ్వు అందుకోకురా, నీ చేతులు వణుకుతున్నయి. రాజవ్వ అందుకుంటది. మొదటి దోసెడు నీళ్లు నా చేతుల అదే పోస్తది."

"అది సిన్నపిల్ల గదా పటేలా."

"ఏ, నీకంటే దానికే ఎక్కువ ఎర్క."

మొదటి దోసెడు నీళ్లు తాత చేతిలో పోయడమంటే మా ఊళ్లో చిన్న మర్యాద కాదు. నేను గుట్ట మీద ఎవరూ చూడని చోట దొప్ప వదలాలి. ఆమె ఊరందరి ముందు దాన్ని ఎత్తుకోవాలి. దారి పొడవునా ఇదే తలచుకుంటూ నడిచాను. నా వెంట మా ఇంట్లో పనిచేసే ఎల్లవ్వ వచ్చింది. ఓదెలు మాకన్నా ముందే పోయి, అడ్డురాళ్లు పేర్చి, ఎదురొచ్చి, "పాయ మూసిన చిన్న పటేలమ్మా, ఇగ నీదే ఆలిశం" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

రాయి దగ్గర నీళ్లు ఎర్రగా సుడి తిరుగుతున్నాయి. ఎల్లవ్వకు పొదల మీద బోడకాకర తీగ కనబడింది. "గీడనే ఉండు బిడ్డా, నాలుగు కాయలు తెంపుకస్త" అని అటు పోయింది. నేను పరికిణీ ఎగ్గట్టి వంగి, దక్షిణపు పాయ నోటి నుంచి పచ్చికగడ్డలు పీకాను. రాళ్లు ఒక్కొక్కటే, అడుగు వరసతో సహా, ఎత్తి పక్కన పెట్టాను. ఓదెలు ఎంత గట్టిగా పేర్చాడంటే నా గోళ్లు విరిగాయి. నీళ్లు ఒక్కసారి అటు ఒరిగాయి. దొప్పను అటే వదిలాను. అది ఎంత ఠీవిగా పోయిందని! పసుపుముద్ద తలపైకెత్తుకుని, ఒక రాతిని రాసుకుని, కొంచెం పసుపు దానికంటించి, సిరిసిల్ల వైపు దిగి కనబడకుండా పోయింది. నా పదేళ్ల బతుకులో అంత సంతోషం అంతకుముందు లేదు.

నేను గుట్ట దిగేసరికి కత్వ దగ్గర ఊరంతా ఎదురుచూస్తోంది. నీళ్లు వచ్చాయి, పలచగా. దొప్ప రాలేదు. రాజవ్వ మోకాళ్లలోతు నీళ్లలో రెండు చేతులూ చాచి సందె దాకా అట్లే నిలబడింది. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తాత గొంతు నేను ఎప్పుడూ విననంత చిన్నగా వచ్చింది.

"నా ఇంటి దొప్ప ఏడ పోయిందిరా ఓదెలూ?"

"నీ బాంచెన్ పటేలా, ఈ చేతులతోటే మూసిన. సీమ గూడ దూరది."

"మరి దొప్ప ఎగిరిపోయిందా?"

ఎవరో నవ్వారు. ఓదెలు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. రాజవ్వ నీళ్లలోంచి బయటికొచ్చి నా ముఖం చూడలేదు, నా గోళ్లు చూసింది.

తెల్లారి ఆమె ఒక్కతే గుట్ట ఎక్కి వచ్చింది. మా పెరటి బావి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి మెల్లగా అంది, "అటు పాయల రాయికి పసుపు అంటుకున్నది. రాళ్లు కొట్టుకపోలే, ఎవలో తీసి పక్కకు పెట్టిన్రు."

"అయితే ఏందే? పటేల్ ఇంటోళ్లను అడుగుతానికి అచ్చినవా?"

"అడుగుతలేను. నేను మల్ల పెట్టి సూసిన, నిలుస్తలెవ్వు. మా నాయిన పెడితెనే నిలుస్తయి. మీ తాతకు చెప్పుర్రి, మా నాయినను పంపుమను."

నేను చెప్పలేదు. చెబితే రాళ్లు ఎవరు తీశారన్న మాట వస్తుంది. అప్పటికే తాత ఓదెలును గుట్ట ఎక్కవద్దన్నాడు, నీరటి పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. కొత్తవాడు కుదిరేలోపు మూడు రోజులు ఎడతెగని ముసురు. ఆ పల్లంలోది మెత్తటి మొరం నేల. తెరిచిన నోట్లోంచి నీళ్లు పడ్డకొద్దీ దక్షిణపు పాయ కోసుకుంటూ, కోసుకుంటూ నిలువెత్తు గండి అయింది. వాన తెరిపిచ్చాక వెళ్లిన వాళ్లు, ఇక రాళ్లతో అయ్యే పని కాదని తిరిగొచ్చారు. ఉత్తరపు పాయ రాయికి అవతల ఎత్తు మీద నోరు తెరుచుకుని ఉండిపోయింది. పెద్దవాన వస్తే దానికి ఇంత, లేకపోతే లేదు. తుంగమడుగు ఆ తర్వాతి ఎండాకాలమే అడుగు చూపించింది. కత్వ కింది పొలం ముందు ఒక కారు పంట తగ్గింది, తర్వాత మక్కలకు దిగింది, మా నాన్న కాలానికి తుమ్మలకు దిగింది. భూములెందుకు అమ్ముకున్నారంటే మా వాళ్లు కోర్టుల గురించి, కరువుల గురించి చెబుతారు. అవీ నిజమే.

ఓదెలు కుటుంబం ఆ దసరా లోపే సిరిసిల్లకు పోయింది. నీళ్లు పోయిన దిక్కుకే పోయారని ఊళ్లో అనుకున్నారు. అతను సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులో కండెలు చుట్టే పనికి కుదిరాడని, పగలంతా మోత మధ్య కూర్చుని సాయంత్రం మానేరు ఒడ్డున ఒక్కడే నిలబడేవాడని ఎవరో చెప్పారు. అక్కడే పోయాడు.

రాజవ్వ బీడీలు చుట్టి కొడుకులను పెంచింది. వాళ్లు మస్కట్ పోయి సంపాదించారు. ఆరేళ్ల కింద ఆమె ఊరికి తిరిగొచ్చి కత్వ పక్కనే ఇల్లు కట్టుకుంది. పోయిన ఏడు గుట్ట మీద చెక్‌డ్యామ్ కట్టాలని, గండి పూడ్చాలని ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడని తెలిసి, ముత్తాత కాలపు బట్టనక్షా, గుడ్డ మీద గీసిన ఊరి పటం, ఇనుపపెట్టెలోంచి తీసుకుని బస్సెక్కాను. దాని మీద ప్రతి ఒర్రె పేరూ మా ముత్తాత రాయించిందే. ఇంజినీరు దాన్ని మర్యాదగా చూసి, మర్యాదగా మడిచి నా చేతికిచ్చాడు. "పాత పాయ ఎటు పోయేదో ఈమె నడిచి చూపిస్తున్నరు మేడం" అని రాజవ్వ వెనకే నడిచాడు. అరవై దాటిన మనిషి, చెప్పులు చేత పట్టుకుని, నేల మీద అరికాలు ఆనించుకుంటూ ముందు నడుస్తుంటే, నక్షా చంకన పెట్టుకుని ఆమె వెనక నడిచాను. నాకు మళ్లీ పదేళ్లు.

రాయి దగ్గర ఇంజినీరు ఫోను చూసుకుంటూ, "ఎటు పోయినా చివరికి గోదాట్లెనే గదా మేడం. ఇది ఇటు నుంచి, అది మానేరుల కలిసి" అని గండిలోకి దిగాడు. మేమిద్దరమే మిగిలాం. ఆమె నన్ను పటేలమ్మా అనలేదు.

"అక్కా, గా రాళ్లు నువ్వే తీసినవు గదా?"

"తీసిన."

"మా నాయినకు సచ్చేదాక చెప్పలే. చెప్పినా నమ్మకపోతుండె. పటేల్ ఇంటి పిల్ల చేతికచ్చిన నీళ్లను ఇడిసిపెడతదా అంటుండె."

నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె వంగి నల్లరాయి మీద అరచెయ్యి పెట్టింది, చెలిమె తోడే ముందు ఇసుక మీద పెట్టినట్టే. అందులో ఆమెకు ఏం తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

మోదుగులు లేవు, తుంగమడుగులో ఇసుక లేదు. ఆరుద్ర పురుగును చూసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. నీరటి అన్న మాటకు మా ఊరి పిల్లలకు అర్థం చెప్పాల్సి వస్తుంది. బొల్లిగుట్ట పల్లంలో మా పేరు మీద ముప్పై గుంటలు మిగిలి ఉండేవి. పోయిన వైశాఖంలో వాటిని, రెండు పాయల రాయితో సహా, రాజవ్వకు అమ్మేశాను.