పెద్దమ్మ తొడిగిన కడియాలు

పెద్దమ్మ చివరగా చేసిన పని సంచులు ఉతికి ఆరేయడం. అరచెయ్యంత గుడ్డ సంచులు పదిహేడు, వంటింటి వెనక తీగ మీద వరసగా క్లిప్పులు పెట్టి ఆరేసింది. వాటి కుట్లన్నీ బయటివైపుకే ఉంటాయి. లోపలుంటే దారప్పోగు పిట్ట గోటికి చుట్టుకుంటుందని ఆవిడ భయం. "టీ తాగి ఇస్త్రీ చేస్తా. కాసేపు నడుం వాలుస్తాను" అంది పెదనాన్నతో. అరగంటకి ఆయన టీ పెట్టుకుని వెళ్లి లేపితే లేవలేదు. పిట్టలు రావడానికి ఇంకా పది రోజులుంది.

మా అమ్మకి అక్క ఆవిడ. దర్జీ. బజారులో మెట్ల కింద గది ఆవిడ షాపు. పంట్లాములు కురచ చేయడం, పాడైన జిప్పులు మార్చడం, లావైపోయినవాళ్ల బట్టలు వాళ్ల మనసు నొప్పించకుండా వదులు చేయడం. ఏటా వసంతంలో మూడు వారాలు మాత్రం షాపు తలుపుకి 'పదకొండు తరవాత' అని అట్టముక్క వేలాడేది. ఆ ఉదయాలన్నీ పెద్దమ్మ బడి వెనక రెల్లుపొదల దగ్గర, అయిదో తరగతి పిల్లల మధ్య ఉండేది. వలస వచ్చిన చిన్న పిట్టల్ని సన్నటి వలలో పట్టి, కాలికి నంబరున్న కడియం తొడిగి, రెక్క కొలిచి, సంచిలో వేసి తూచి, వదిలేసేవాళ్లు. ఆ పిట్ట మళ్లీ ఎక్కడ ఎవరికి దొరికినా, ఆ నంబరుని బట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. వల కట్టడానికి లైసెన్సు కావాలి. మా ఊళ్లో అది ఉన్నది పెద్దమ్మ ఒక్కదానికే.

"మనుషుల కొలతలు చాలక పిట్టల కొలతలు కూడానా" అనేవాడు పెదనాన్న. "రేపు వాటికి చొక్కాలు కుట్టేలా ఉన్నావు."

"కుడితే నయమే. మీ నడుంలా ఏడాదికో అంగుళం పెరగవు అవి" అనేది పెద్దమ్మ.

పిల్లలతో ఆవిడ ఎప్పుడూ ముద్దుమాటలు ఆడలేదు. పిట్టని చేతికిచ్చే ముందు పట్టు చూపించేది. మెడ రెండు వేళ్ల మధ్య, వీపు అరచేతికి ఆనించి, ఛాతీ మీద మాత్రం ఏమాత్రం బరువు పడకుండా. ఛాతీ కదిలితేనే దానికి ఊపిరి.

"పెద్దమ్మా, దీని గుండె దడదడలాడిపోతోంది" అనేవాళ్లు. ఊరి పిల్లలందరికీ ఆవిడ పెద్దమ్మే.

"నువ్వు ఏనుగు చేతిలో ఉంటే నీకెలా ఉంటుందిరా? తొందరగా కొలిచి వదిలిపెట్టు ఏనుగూ."

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు, నాకు పదేళ్లు. ఒక ఉదయం చలి బాగా ఉంది. చేతి తొడుగులు ఇంట్లో మర్చిపోయాను. చెబితే నా వంతు పోతుందని చేతులు జేబుల్లో దాచుకున్నాను. నా వంతు వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. గోధుమరంగు పిట్ట, పిచ్చుకలో సగం ఉంటుంది. పెద్దమ్మ నా చేతిలో పెట్టి, స్కేలు అందుకోవడానికి అటు తిరిగింది. నేనెంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియలేదు. వేళ్లకి స్పర్శే లేదు. ఆవిడ ఇటు తిరిగేసరికి పిట్ట తల వాలిపోయింది.

పెద్దమ్మ దాన్ని తీసుకుని అరచేతులు దోనెలా పట్టి ఊపిరి ఊదింది. చాలాసేపు ఊదింది. తరవాత, "చనిపోయింది" అని అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఇదే చంపేసింది" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నిన్నెవరూ అడగలేదు. నువ్వు వెళ్లి రెండో వల చూసిరా" అంది. రిజిస్టరు తన దగ్గరికి లాక్కుంది. మామూలుగా పిల్లలే రాస్తారు. ఆ ఒక్క వరస ఆవిడే రాసింది, మోచెయ్యి అడ్డం పెట్టుకుని. నా పేరే రాస్తోందనుకున్నాను. గ్రాముల్లో పావు తేడా వచ్చినా మళ్లీ తూయించే మనిషి, అబద్ధం ఎందుకు రాస్తుంది?

ఆ తరవాత నా రెండు చేతుల్నీ తన కోటులోకి లాక్కుని, చంకల కింద పెట్టుకుని, వెచ్చబడేదాకా వదల్లేదు. పక్క సంచిలోంచి ఇంకో పిట్టని తీసింది. "పట్టుకో" అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. బలవంతం చేయలేదు. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నా చెయ్యి వదలకుండా నడిచింది.

మళ్లీ నేను పిట్టని పట్టుకోలేదు. కానీ ఆవిడ నన్ను పొదల దగ్గరినుంచి పోనివ్వలేదు. రాయడం నీ పని అంది. ఇరవై నాలుగు వసంతాలు నేను రిజిస్టరు రాశాను. ఆవిడ నంబరు చదువుతుంది, నేను తిరిగి చదివి రాసుకుంటాను. ఇవాళ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతుకుతున్నానంటే, ఏదైనా ఒకటికి రెండుసార్లు చదవడం నాకక్కడే అలవాటైంది. తెల్లవారే వేళ రెల్లు చప్పుడు, తడిసిన బూట్లు, ఫ్లాస్కు మూతలో పంచుకున్న టీ, నాకున్న మంచి జ్ఞాపకాల్లో సగం అవే.

చివరి ఆరేడేళ్లూ ఒకటే పోరు పెట్టింది. లైసెన్సు ఫారం తెచ్చి నా ముందు పడేసేది.

"నాకు సూదిలో దారం ఎక్కడం లేదే. ఇంకెన్నాళ్లు చేస్తాను? నువ్వు తీసుకోకపోతే నా తరవాత ఈ పిల్లలకి వల కట్టేదెవరు?"

"నాకు తీరికెక్కడిది పెద్దమ్మా."

"తీరిక లేనిదానివి నా పక్కన చలిలో ఎందుకు కూర్చుంటున్నావు?"

ఫారంలో తొమ్మిదో ప్రశ్న నాకు తెలుసు. మీ చేతిలో ఎప్పుడైనా పిట్ట చనిపోయిందా? ఏడాదికోసారి రిజిస్టరు ఆ లైసెన్సులిచ్చే ఆఫీసుకే వెళుతుంది. నా పేరు అక్కడ ఉంది, అడిగి కాదనిపించుకోవడం దేనికి అనుకున్నాను. ఆవిడకి మాత్రం ఆ మాట చెప్పలేదు.

లైసెన్సున్న మనిషి పోతే మిగిలిన కడియాలు తిరిగి అప్పగించాలి. పెద్దమ్మ పోయిన వారానికి, సైన్సు టీచరు "ఈసారి పిల్లలకి ఏం చెప్పమంటారండీ?" అని ఫోన్ చేసిన మర్నాడు, ఆ కడియాల డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కొక్క తీగకీ గుచ్చిన కడియాలు లెక్కపెట్టాడు.

"ఆవిడ తరవాత ఎవరూ లేరా అమ్మా?"

"నేనున్నాను గానీ నాకివ్వరు" అన్నాను. "నా చేతిలో ఒక పిట్ట పోయింది. మీ దగ్గర రాసే ఉంటుంది."

"తొమ్మిదో ప్రశ్న లైసెన్సు ఆపడానికి కాదమ్మా. ఎవరి చేతిలోనైనా ఎప్పుడో ఒకటి పోతుంది. ఏళ్ల తరబడి చేస్తూ అది ఖాళీగా వదిలేసినవాళ్లనే పిలిచి మళ్లీ అడుగుతాం" అంటూ పెద్దమ్మ ఫైలు తీశాడు. ఏ ఏడాదో అడిగి, నేనా పిట్టని పట్టుకున్న ఏడాది ఆవిడ లైసెన్సు పొడిగింపుకి పెట్టుకున్న ఫారం నా ముందు పెట్టాడు.

తొమ్మిదో ప్రశ్న కింద, షాపు రసీదుల మీద రాసే గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'రెండు. ఒకటి నేను నేర్చుకునే రోజుల్లో, నా పట్టు బిగిసి. రెండోది ఈ వసంతంలో, ఒక పాపకి ఇచ్చినప్పుడు. పాప చేతులు తాకి చూడకుండా ఇచ్చాను.'